కొర్రమీను మీద నింద

చెరువు క్యాంటీను,
సోమవారం, సెలవు రోజు

చిట్టీ,

ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఆ లెక్కన నాకు మొగుడు ఒకటిన్నర. ఆ ఒక్కరూ ఉత్తరం రాయడానికి బద్ధకించి పని నా నెత్తిన పెట్టారు కాబట్టి, మిగిలిన సగానికి నేను రాస్తున్నాను.

మీ అన్నయ్య ఈ చెరువుకి సూపర్వైజరయ్యాక, నేను గట్టు మీద క్యాంటీను పెట్టుకున్నాక నువ్వు ఒక్కసారి కూడా రాలేదు. వచ్చుంటే ఇంత వివరంగా చెప్పే పని తప్పేది. ఆదివారాలు గాలాలు పట్టుకుని వచ్చేవాళ్ళే మాకు దిక్కు. గాలం వేస్తే చాలు, చేప పడుతుంది. కానీ ఏం చేప? అరచేతిలో సగం లేని జిలేబీ చేప. తలా తోకా ఉంటాయి, నడుమ ఏమీ ఉండదు. వేయిస్తే ముళ్ళు కరకరలాడతాయి తప్ప నాలుకకి కండ తగలదు. మొన్న ఒక పెద్దాయన ప్లేటు వెనక్కి జరిపి, దీన్ని తినాలా అమ్మా, దీంతో పళ్ళు కుట్టుకోవాలా అని అడిగాడు. ఏం చెప్పను?

వచ్చేవాళ్ళు తగ్గుతున్నారు. చెరువు కమిటీ వాళ్ళు ఇక సూపర్వైజరు ఎందుకని గుసగుసలాడుతున్నారట. ఆయన ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది, క్వార్టరుతో పాటే నా క్యాంటీనూ.

ఇలా ఉండగా అవతలి ఒడ్డున ఉన్న రంగుల మిల్లు మేనేజరు దేవుడిలా వచ్చాడు. కొర్రమీను పిల్లల్ని వదిలితే ఈ చిన్న చేపల్ని తినేస్తాయట కదా, ఆ ఖర్చు మా మిల్లుది అన్నాడు. మంచి మనిషి. మా తమ్ముడికి డ్రైవరు ఉద్యోగం ఇచ్చింది కూడా ఆయనే. వాడు పని లేక మా ఇంట్లో కూర్చున్నన్నాళ్ళూ నేను మీ అన్నయ్య చెవిలో జోరీగనైపోయాను. ఆయన వెళ్ళి మేనేజరుతో మాట్లాడాక గాని నాకు నిద్ర పట్టలేదు.

నిజంగా కొర్రమీనులు తింటాయా? నువ్వు పనిచేసే చేపపిల్లల కేంద్రంలో దొరుకుతాయా? ఫోను చేద్దామంటే ఆఫీసు ఫోను మీ అన్నయ్య బల్ల మీద ఉంటుంది, దాని చుట్టూ ఎప్పుడూ జనమే. ఉత్తరమే నయం.

నీ వదిన


చేపపిల్లల కేంద్రం, క్వార్టర్లు

వదినకి,

ఒకటిన్నర మొగుళ్ళని ఏలుతున్న నీకు జిలేబీలు ఒక లెక్కా?

అవి ఎందుకు ఎదగడం లేదో చెప్తాను. జిలేబీకి తినడం, కనడం తప్ప మూడో పని తెలీదు. పైగా పిల్లల్ని నోట్లో దాచుకుని కాపాడుకుంటుంది, అందుకని దాదాపు అన్నీ బతికేస్తాయి. చెరువులో మేత పెరగదు, తినే నోళ్ళు పెరుగుతాయి. అందరికీ అరకడుపే. అరకడుపు సంసారంలో ఎవరు బలుస్తారు?

కొర్రమీను సరైన మందే. కానీ మెల్లగా పనిచేసే మందు. అది నోరు పట్టినంత చేపనే మింగుతుంది కాబట్టి పిల్లల్నే తింటుంది. పెద్ద జిలేబీలు మిగులుతాయి, మేత దక్కి అవి లావెక్కుతాయి. అప్పుడు నీ ప్లేటు ఎవరూ వెనక్కి జరపరు. దానికి రెండు వానాకాలాలు ఓపిక పట్టాలి. ఈ మాట కమిటీ వాళ్ళకి గట్టిగా చెప్పు. జానెడున్న పిల్లల్ని పంపిస్తాను. మరీ చిన్నవైతే జిలేబీలే వాటిని మింగుతాయి. ఎక్కువ వద్దు. ఇల్లు ఊడవడానికి పిలిచినవాళ్ళు ఇల్లే ఆక్రమించుకోకూడదు.

ఒక్క సంగతి. మిల్లుకీ మీ చెరువులో చేపలకీ ఏమిటి బంధుత్వం? ఊరకరారు మహానుభావులు అంటారు. నేను ఊరికే అడుగుతున్నాను, మనసులో పెట్టుకోకు.

అన్నయ్య బద్ధకించాడన్నావు. పాపం, నాకు విడిగా నాలుగు ముక్కలు రాశాడు. అందులో విశేషమేమీ లేదులే.

చిట్టి


చెరువు క్యాంటీను

చిట్టీ,

నువ్వు పంపినవాళ్ళు క్షేమంగా చేరారు. డ్రమ్ముల మూతలు తియ్యగానే నల్లగా, నున్నగా, పాము తలలతో చూశాయి. కాస్త భయం వేసిన మాట నిజం. చెరువులోకి వదిలినరోజు పెద్ద హడావుడి. మిల్లు మేనేజరు మైకు పట్టుకుని మన చెరువుకి కొత్త పోలీసులొచ్చారన్నాడు. మీ అన్నయ్య ఇచ్చిన నీ ఉత్తరంలోంచి కొర్రమీను సరైన మందే అన్న ముక్క చదివి వినిపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. రెండు వానాకాలాలు అన్న ముక్క మాత్రం చదవలేదు. మర్చిపోయాడేమో.

అయినా నీ లెక్క తప్పిందే, పంతులమ్మా. నెలరోజులైనా కాలేదు, అప్పుడే జిలేబీలు తగ్గిపోయాయి. గాలాలవాళ్ళు గంటల తరబడి కూర్చుంటున్నారు, ఏమీ పడటంలేదు. పడకపోయినా ఎవరూ విసుక్కోవడం లేదు. కొర్రమీనులు బాగా మేస్తున్నాయి, వచ్చే ఏడు ఒక్కొక్క చేప మూరెడు పడుతుందని మీ అన్నయ్య చెప్తుంటే నోళ్ళు తెరుచుకుని వింటున్నారు.

ఇప్పుడు అసలు విషయం. నవ్వకు. మీ అన్నయ్య మీద నాకు అనుమానంగా ఉంది.

ఎండ ముఖం మీద పడితే గాని లేవని మనిషి ఇప్పుడు నాకన్నా ముందే లేచి, పడవ వేసుకుని అవతలి ఒడ్డుకి వెళ్తున్నారు. నడుం నొప్పికి తెడ్డు వెయ్యమని డాక్టరు చెప్పాడట. నడుం నొప్పికి తెడ్డు వెయ్యమనే డాక్టరు ఎవరో నాక్కూడా చూపించమన్నాను. మాట మార్చారు. అవతలి ఒడ్డున మిల్లు క్వార్టర్లున్నాయి. నాకు ఇంకేం తోస్తుంది చెప్పు? నిన్న ఆయన స్నానానికి వెళ్ళగానే చొక్కా వాసన చూశాను. సెంటు వాసన వస్తుందేమోనని కాలరు కూడా తిప్పి చూశాను. తీరా చూస్తే చేపల కంపు. ఈ చుట్టుపక్కల చేపల కంపు కొట్టే ఆడది నేనొక్కదాన్నే కాబట్టి ఆ అనుమానం అంతటితో తీరింది.

కానీ ఆ కంపు ఎక్కడిదే?

నీ వదిన


చేపపిల్లల కేంద్రం, క్వార్టర్లు

వదినా,

నీ ఉత్తరం చదివి నవ్వాను. రెండోసారి చదివితే నవ్వు రాలేదు.

నేను పంపిన పిల్లలు ఇంకా కొత్త చోటుకి అలవాటు పడుతుండాలి. అవి అప్పుడే చెరువు ఖాళీ చెయ్యడమంటే, పెళ్ళికి నలుగురొచ్చి నాలుగొందల మంది భోజనం తినేశారన్నట్టుంది. కొన్ని ప్రశ్నలు అడుగుతాను. నీ కళ్ళతో చూసింది మాత్రమే చెప్పు, అన్నయ్య చెప్పింది కాదు.

పెద్ద జిలేబీలు కూడా పోయాయా? అవి కొర్రమీను నోట్లో పట్టవు. చిన్నవాటితో పాటు అవీ మాయమైతే తిన్నది కొర్రమీను కాదు.

పొద్దున్నే చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచి మూస్తున్నాయా?

గాలానికి కొర్రమీను పడితే నీ దగ్గరికే తెస్తారు కదా, కడుపు నువ్వే కొయ్యి. లోపల ఏముందో రాయి.

అన్నయ్య అవతలి ఒడ్డున ఏం చేస్తున్నాడో కనుక్కోగలవా? నాకేదో అనిపిస్తోంది, ఏమిటో తెలియకుండా చెప్పను. ఈ ఉత్తరం చదవగానే పొయ్యిలో వెయ్యి.

చిట్టి


చెరువు సూపర్వైజరు క్వార్టరు

చిరంజీవి చిట్టికి ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను. చెరువులో చేపలు తగ్గడం కొర్రమీనుల వల్లనే. అన్నీ తగ్గాయి. అందరూ సంతోషంగా ఉన్నారు. కమిటీ వారు మీ అన్నయ్యకు శాలువా కప్పారు. నువ్వు చదువుకున్నదానివి, దూరం నుంచి లేనిపోనివి ఊహించుకోవడం నీకు తగదు. నా నడుం నొప్పి ఇప్పుడు తగ్గింది.

మీ అన్నయ్య పక్కనే కూర్చుని ఉన్నారు. నిన్ను అడిగినట్టు రాయమన్నారు.

ఇట్లు,
వదిన


చేపపిల్లల కేంద్రం, క్వార్టర్లు

వదినా,

ఈ ఉత్తరం క్వార్టరుకి కాకుండా క్యాంటీనుకి పంపుతున్నాను. పొద్దున పూట వస్తుంది, అప్పుడు అన్నయ్య ఆఫీసులో ఉంటాడు.

మొన్నటి ఉత్తరం నీ చేతిరాతే. మాటలు నీవి కావు. మా ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి నువ్వు నన్ను చిరంజీవి అనలేదు. నడుం నొప్పి అన్నయ్యదని రాసి, ఇప్పుడు నీదన్నావు. అది నువ్వు కావాలనే చేసిన తప్పని అనుకుంటున్నాను. కాదంటే నన్ను తిట్టు, కాని నువ్వే తిట్టు.

అన్నీ తగ్గాయన్నావు. అంటే పెద్దవి కూడా. ఆ ఒక్క మాట చాలు నాకు నిద్ర పట్టకపోవడానికి. దయచేసి ఒక కొర్రమీనుని కొయ్యి.

చిట్టి


చెరువు క్యాంటీను

చిట్టీ,

కోశాను.

ఆదివారం ఒకతను కొర్రమీను పట్టి, వేయించమని తెచ్చాడు. చెయ్యి పెట్టగానే తేడా తెలిసింది. తల ఇంతుంది, వెనక ఒళ్ళు తాడులా ఉంది. కడుపు చీరితే పొట్టలో కాస్త నాచు తప్ప ఏమీ లేదు. ఆకలికి నాచు తిన్నదనుకుంటాను. మధ్యాహ్నం ఇంకొకరు తెచ్చారు, దానిదీ ఖాళీ కడుపే. చెరువంతా మింగేశాయని మైకులో చెప్పుకుంటున్న చేపలు పస్తులుంటున్నాయి చిట్టీ.

నడుం నొప్పి విషయం నువ్వు సరిగ్గానే పట్టావు. నువ్వు కాల్చెయ్యమన్న ఉత్తరం నేను కాల్చేలోపే మీ అన్నయ్య కంట పడింది. గొంతు పెంచలేదు. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, చిట్టి అనవసరంగా కంగారు పడుతోంది, ధైర్యం చెప్తూ రాయి అన్నారు. ఒక్కొక్క వాక్యం ఆయనే చెప్పారు. ఆయన గట్టిగా అరిచుంటే నాకు ఇంత భయం వేసేది కాదు.

నువ్వడిగిన ఇంకో ప్రశ్నకి జవాబు నాకు ఎప్పుడో తెలుసు. దాచాను. చేపలు పొద్దున పూట పైకొచ్చి నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. కొర్రమీనులు వదిలిన వారం నుంచీ చూస్తున్నాను. మేత కోసమనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను.

సోమవారం చెరువుకి సెలవు. ఆయన కమిటీ పెద్దల భోజనానికి వెళ్ళారు. నేను గట్టు చుట్టూ నడిచి, అవతలి ఒడ్డు వెనకవైపున్న రెల్లు పొదల దగ్గరికి వెళ్ళాను. అక్కడ ఒక ఇనప గేటుంది. దాని తాళంచెవి మీ అన్నయ్య దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండదు. గేటు బార్లా తెరిచి ఉంది. మిల్లు ట్యాంకరు వెనక్కి తిరిగి నిలబడి, గొట్టం నీళ్ళలోకి వదిలేసి ఉంది. నేరేడుపండు రంగు నీళ్ళు. ముక్కు మూసుకోవాల్సినంత ఘాటు. స్టీరింగు దగ్గర మా తమ్ముడు కూర్చుని ఉన్నాడు.

నన్ను చూసి దిగాడు. ఇదేం నీళ్ళురా అని అడిగాను.

"సబ్బు నీళ్ళేలే అక్కా. ఊరవతల గుంటలో పొయ్యాలి. అంత దూరం ఎందుకు, ఇక్కడే చాలన్నాడు మేనేజరు."

"గేటు ఎవరు తీశారు?"

వాడు బూటు ముందుభాగంతో మట్టి గీకాడు. "బావనడుగు," అన్నాడు.

రెల్లులో జిలేబీలు తెల్లగా వెల్లకిలా తేలుతున్నాయి. కాస్త పక్కన కొత్తగా తవ్వి పూడ్చిన మట్టి ఉంది. తడిసిన గోనెసంచులున్నాయి. పొద్దున్నే పడవ వేసుకెళ్ళి మీ అన్నయ్య చేస్తున్న వైద్యం అదీ. ఎవరైనా చూడకముందే చచ్చిన చేపల్ని ఏరి పాతిపెడుతున్నారు. చొక్కాకి కంపు రాదూ మరి?

ఈ చెరువు నీళ్ళు పంపుహౌసులోంచి నా క్యాంటీను కుళాయికీ, గట్టు కింద ఇళ్ళకీ వెళ్తాయి. ఆ ఇళ్ళలో పిల్లలకి కడుపునొప్పులంటున్నారు. ఎండల వల్ల అని మీ అన్నయ్య అందరికీ చెప్తున్నారు.

ఇప్పుడు నీ మీద నా అనుమానం కూడా చెప్పేస్తాను. నువ్వు ఇదంతా ముందే ఊహించావు. ఊహించి నాతో చేపల కడుపులు కోయించావు గాని, మీ అన్నయ్యని మాత్రం ఒక్క మాట అడగలేదు. ఆయన నీకు విడిగా రాసిన ఉత్తరంలో విశేషమేమీ లేదన్నావు. విశేషం లేని ఉత్తరాలు మీ అన్నయ్య రాయరు. నీకు అన్నయ్య, నాకు తమ్ముడు. రేపు ఇది బయటపడితే నువ్వు మీ అన్నయ్యని వెనక్కి లాగి మా తమ్ముణ్ణి ముందుకి తోస్తావేమోనని నా భయం. నేను దానికి తిరగేసి చేస్తానని నీకూ ఉంటుంది. ఉండే ఉంటుంది.

ఏం రాశారో చెప్పు.

వదిన


చేపపిల్లల కేంద్రం, క్వార్టర్లు

వదినా,

చెప్తాను. ముందు నువ్వు ఆ కుళాయి నీళ్ళు ముట్టుకోకు. టీకి కూడా వద్దు. ఏదో ఒక సాకు చెప్పి క్యాంటీను మూసెయ్యి.

అన్నయ్య రాసింది ఇది: "కొర్రమీనులు వదిలాక చెరువులో చేపలన్నీ పోయాయనుకో, అవే తిన్నాయంటే జనం నమ్ముతారా?" చివర నవ్వుతున్నట్టు ఒక బొమ్మ కూడా గీశాడు. చిన్నప్పుడు నన్ను ఏడిపించి, తర్వాత నవ్వించడానికి గీసే బొమ్మ అది. నేనూ సరదాగానే జవాబు రాశాను, జనం ఏదైనా నమ్ముతారన్నయ్యా అని. ఆ తర్వాత నీ ఉత్తరాలు ఒక్కొక్కటీ వస్తుంటే ఆ ప్రశ్న నా కళ్ళ ముందే ఉంది. నీకు చెప్పలేదు. చెప్తే నిజమైపోతుందని భయం. నువ్వన్నట్టు, అన్నయ్య కదా.

వాళ్ళు కొర్రమీనునే ఎందుకు ఎంచుకున్నారో తెలుసా? అది నీళ్ళ పైకొచ్చి గాలి మింగి బతుకుతుంది. నీళ్ళలో గాలి అయిపోయినా, జిలేబీలన్నీ ఊపిరాడక పోయినా, అది మాత్రం ఉంటుంది. ఈ సంగతి అన్నయ్యకి తెలుసు, ఒకప్పుడు నేనే గొప్పగా చెప్పాను. నేరం మోపాలంటే బతికున్న దొంగ కావాలి కదా. చచ్చినవాడి మీద నింద ఎన్నాళ్ళు నిలుస్తుంది?

నీ భయం సంగతి. నాకూ అదే భయం, దానికి తిరగేసినది. ఆ భయంతోనే ఇన్నాళ్ళూ ఇద్దరం దొంగాట ఆడాం. గొట్టం పట్టుకున్నది నీ తమ్ముడు, గేటు తీసింది మా అన్నయ్య. ఒకరిని దాచి ఇంకొకరిని చూపించలేం. మా ఆఫీసరుకి చెప్పి నీళ్ళ పరీక్షకి సీసాలు తీసుకుని నేనే వస్తాను. కానీ నువ్వు రమ్మంటేనే వస్తాను. నీ ఇంట్లో ఏం జరగాలో ఇక్కడ కూర్చుని నేను తీర్మానించను.

చిట్టి


చెరువు సూపర్వైజరు క్వార్టరు

చిట్టీ,

వెంటనే రా.

నువ్వు రాసింది చదివిన మర్నాడు మధ్యాహ్నం భోజనానికి తమ్ముణ్ణి రమ్మన్నాను. వాడికీ, మీ అన్నయ్యకీ వడ్డించాను. క్యాంటీను కుళాయిలో పట్టుకొచ్చిన నీళ్ళు రెండు గ్లాసుల్లో పోసి చెరొకరి ముందూ పెట్టాను. పెట్టి, ఆ నీళ్ళు ఎక్కడివో చెప్పాను. తాగమన్నాను.

తమ్ముడు నన్ను చూశాడు, వాళ్ళ బావని చూశాడు. రోషం వచ్చింది కాబోలు, గ్లాసు తీసుకోబోయాడు. మీ అన్నయ్య చటుక్కున అరచెయ్యి గ్లాసు మీద కప్పారు.

"వద్దురా."

అంతే. ఇంకేం అడగాల్సిన పని లేదు. కానీ నేను అడిగాను, గట్టు కింద పిల్లలు తాగుతున్నవి ఇవే కదా అని. ఆయన తల వంచుకుని, మన ఇంటికి మాత్రం బజారు నుంచి డబ్బా నీళ్ళు తెప్పిస్తున్నాను కదా, నీకేం కాదు అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది. కొన్నాళ్ళుగా ఇంటికి డబ్బా నీళ్ళు వస్తున్నాయి. చెరువు నీళ్ళు చప్పగా ఉంటున్నాయని తెప్పిస్తున్నారనుకున్నాను. నా మీద ఎంత శ్రద్ధో అని మురిసిపోయాను కూడా.

"పొద్దుట్నుంచి సాయంత్రం దాకా క్యాంటీనులో నేను తాగేది ఏ నీళ్ళండీ?"

ఆయన తలెత్తారు. చిట్టీ, ఆ ముఖం నేను మర్చిపోలేను. ఆ సంగతి ఆయనకి తట్టనే లేదు. ఇంటిని కాపాడుకుంటున్నాననుకున్నారు. ఇంట్లో మనిషి రోజంతా ఎక్కడుంటుందో గుర్తు రాలేదు. అన్నం కలిపిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

తర్వాత అంతా ఆయనే చెప్పారు. తమ్ముడి ఉద్యోగం కోసం వెళ్ళినప్పుడు మేనేజరు అడిగింది ఒక్కటే, వారానికోసారి వెనక గేటు తెరిచి ఉంచమని. కొద్దిగానే అన్నాడట. ఒకటీ అరా చేపలు చావడం మొదలయ్యాక కొర్రమీనుల ఆలోచన వాళ్ళిద్దరికీ కలిసి వచ్చింది. నీ పోరు పడలేకే ఒప్పుకున్నాను అనలేదు ఆయన. అనకపోయినా నాకు వినపడింది.

గేటు తాళంచెవి ఇమ్మన్నాను. ఇచ్చారు. చెయ్యి కడుక్కుని పంపుహౌసుకి వెళ్ళి వాల్వు కట్టేసి వచ్చారు. తమ్ముడు అన్నం వదిలేసి లేచాడు. "నా ఉద్యోగం నువ్వే పెట్టించావు, నువ్వే తీసేశావు," అన్నాడు నాతో. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఏడ్చాడు. వాడు పారిపోతాడేమోనని నాకు అనుమానం. మీ అన్నయ్య మనసు మార్చుకుంటారేమోనని ఇంకో అనుమానం. తాళంచెవి కొంగున ముడేసుకుని తిరుగుతున్నాను.

గట్టు కింద ఇంటింటికీ వెళ్ళి కుళాయి నీళ్ళు తాగొద్దని చెప్పొచ్చాను. ఎందుకని అడిగితే, మా ఆయన్నడగండి అన్నాను.

సీసాలు తీసుకుని రా.

వదిన


చేపపిల్లల కేంద్రం, క్వార్టర్లు

వదినా,

నేను అక్కణ్ణుంచి వచ్చి రెండు నెలలు దాటింది, స్థిమితంగా ఉత్తరం రాయడం ఇదే. చెరువు నీళ్ళలో మిల్లు రంగుల విషం ఉందని పరీక్షలో తేలిన సంగతి నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. మిల్లులో రంగుల విభాగానికి తాళాలు పడ్డాయి. విచారణలో మేనేజరు చివరిదాకా నింద కొర్రమీనుల మీదే పెట్టాడు, నా ఉత్తరమే సాక్ష్యమన్నాడు. అయితే మొత్తం చదవండన్నాను. చదివారు. రెండు వానాకాలాలు అన్న దగ్గర ఆగి అందరూ అతని వైపు చూశారు. నువ్వు కత్తిపీట దగ్గర చూసింది చెప్పినప్పుడు నవ్వినవాళ్ళు కూడా అక్కడ నవ్వలేదు.

అన్నయ్య అన్నీ ఒప్పుకున్నాడు కాబట్టి జైలు దాకా వెళ్ళకపోవచ్చని మా ఆఫీసరు అంటున్నారు. మీరు క్వార్టరు ఖాళీ చేసి అద్దె గదిలోకి మారారని అన్నయ్య రాశాడు. ఈసారి బొమ్మ గీయలేదు. ఇక్కడేదైనా పని ఇప్పించమని అడిగాడు. చెరువుల కాపలాకి ఒక మనిషి కావాలి, ఎవరిని పెట్టుకోవాలో ఆఫీసరు నాకే వదిలేశారు. చేపల గురించి అన్నయ్యకి తెలిసినంత బయటివాళ్ళకి తెలీదు. కానీ కాపలా అంటే తూము గేట్ల తాళాలన్నీ ఆ మనిషి దగ్గరే ఉంటాయి. నా చేత్తో ఆ తాళాలు అన్నయ్యకి ఇవ్వాలంటే చెయ్యి రావడంలేదు. ఇవ్వకపోతే సొంత చెల్లెలే నమ్మలేదని కుంగిపోతాడు.

నువ్వు చెప్పు. అన్నయ్యతో ఉంటున్నది నువ్వు.

చిట్టి


అద్దె గది, బస్టాండు వెనక

చిట్టీ,

తమ్ముడు పారిపోలేదు. విచారణలో చూసింది చూసినట్టు చెప్పాడు. ఇప్పుడు వేరే ఊళ్ళో లారీ నడుపుతున్నాడు. నాకు మాత్రం కబురు లేదు. వాళ్ళ బావకి రాస్తున్నాడు, విచిత్రం చూడు. గట్టు కింద పిల్లలు తేరుకున్నారు. ఒక పాప ఇంకా ఆసుపత్రికి తిరుగుతోంది. మీ అన్నయ్య ప్రతి వారం వాళ్ళింటికి వెళ్తున్నారు. మొదట్లో తలుపు తీసేవాళ్ళు కాదు. ఇప్పుడు తీస్తున్నారు, కూర్చోమనరు. చెరువు ఎండగడుతున్నారు. ఊళ్ళో సగం మంది ఇప్పటికీ చేపల్ని కొర్రమీనులే తినేశాయంటారు. వాళ్ళతో వాదించడం మానేశాను.

నేను బస్టాండులో టీ కొట్టు పెట్టాను. నీళ్ళు నేనే మోసుకొస్తున్నాను. ఆయన తెస్తానంటారు, వద్దంటాను. ఆయన కారణం అడగరు.

నువ్వడిగినదానికి జవాబు. పని ఇవ్వు. తాళం ఇవ్వకు. మేత వెయ్యమను, వలలు బాగు చెయ్యమను, డ్రమ్ములు మొయ్యమను. తూము తెరవాల్సి వచ్చినప్పుడు నువ్వే వెళ్ళి తెరువు. ఆయన నొచ్చుకుంటారు. నొచ్చుకోనీ. చెడ్డవాడని కాదే. గట్టిగా అడిగితే కాదనలేని మనిషి, అది చాలు కొంప ముంచడానికి. నేను అడిగాను, మేనేజరు అడిగాడు, ఇద్దరికీ సరేనన్నారు. అలాంటి మనిషి చేతిలో తాళం పెట్టి తప్పంతా ఆయన మీదే తోసెయ్యడం నాకు ఇష్టం లేదు. ఎప్పుడు ఇవ్వాలో నాకు తెలిసినరోజున రాస్తాను. తెలుస్తుందో లేదో కూడా తెలీదు.

రేపు ఆయన్ని బస్సెక్కిస్తాను. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చి పంపుతున్నాను. కవరు అంటించలేదు. దారిలో చదువుతారు, ఆయన సంగతి నాకు తెలీదూ? చదవాలనే ఇలా రాశాను. తెరిచిన కవరు తెరిచినట్టే తెచ్చి నీ చేతిలో పెడితే, కాళ్ళు కడుక్కోమని లోపలికి పిలిచి అన్నం పెట్టు. చదవనట్టు అంటించి తెస్తే అన్నం ఎలాగూ పెడతావు, కానీ నాకు మాత్రం వెంటనే ఒక ముక్క రాయి.

నీ వదిన